చెరువులో చల్లిన సున్నం డ్రెయిన్‌లో కలుస్తోంది: రొయ్య పెంకుల మీద ఒక బహిరంగ లేఖ

అప్సడా (ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ) అధికారులకు, కాలుష్య నియంత్రణ మండలి అధికారులకు, గోదావరి జిల్లాల్లోని రొయ్యల ప్లాంట్ల యజమానులకు,

నమస్కారం.

నేను భీమవరం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా తమ్ముడు నాలుగెకరాలు కౌలుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తున్నాడు. మా అమ్మ పదిహేనేళ్ల పైన పీలింగ్ షెడ్డులో రొయ్యలు ఒలిచింది. రొయ్య అన్నం పెట్టిన ఇల్లు మాది. అందుకే ఈ ఉత్తరం కోపంతో రాయడం లేదు, కడుపులో ఉన్నమాట చెప్పుకుందామని రాస్తున్నాను.

అమావాస్య, పౌర్ణమి దగ్గర పడితే మా తమ్ముడికి కంటి మీద కునుకుండదు. రొయ్యలు కుబుసం విడిచే రోజులవి. పాత పెంకు వదిలిన రొయ్య ఒళ్లంతా మెత్తగా, వేళ్ల మధ్య నుంచి జారిపోతూ ఉంటుంది. కొత్త పెంకు గట్టిపడాలంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లు చాలినంత ఉండాలి. చాలకపోతే లూజ్ షెల్ వస్తుంది, అంటే పెంకు వదులుగా, మెత్తగా ఉండిపోతుంది. పట్టుబడి రోజు కొనేవాడు రొయ్యను నొక్కి చూసి రేటు కోసేస్తాడు. అందుకని రాత్రి పది దాటాక టార్చి పట్టుకుని, గట్టు వెంట బస్తాలు దింపుకుని సున్నం, డోలమైటు, మినరల్స్ చల్లుతాడు. తెల్లారి ఇంటికొస్తే వాడి కనురెప్పల మీద కూడా తెల్లటి పొడే.

మా వైపు సున్నమంటే పల్నాటి నుంచి రావలసిందే. పిడుగురాళ్ల పరిసరాల్లో సున్నపురాయి పగలగొట్టి, బట్టీల్లో కాల్చి, బస్తాలకెత్తి లారీల్లో పంపుతారు. డబ్బు కట్టి తెచ్చి చెరువులో చల్లితే, మూడు నాలుగు నెలల్లో అందులో కొంత రొయ్య ఒంటి మీద పెంకై కూర్చుంటుంది. మేతలోని కాల్షియం దానికి తోడు. ఆ రొయ్య ప్లాంటుకు వెళ్తుంది. అక్కడ తల తీసి, పెంకు ఒలిచి, మాంసాన్ని గడ్డకట్టించి దేశాలు దాటిస్తారు. పెంకు ట్రాక్టరెక్కుతుంది. పల్నాటి కొండ మా చెరువులోకి వచ్చి, రొయ్య ఒంటి మీదకెక్కి, ఊరి డ్రెయిన్‌లో కలిసిపోతోంది. మళ్లీ పంటకు మా తమ్ముడు మళ్లీ బస్తాలు కొంటాడు.

మా ఊరికీ పక్క ఊరికీ మధ్య డ్రెయిన్ గట్టు మీద ఆ ట్రాక్టరు ఖాళీ అయ్యే చోటు ఒకటుంది. ఏ ప్లాంటుదో ఇక్కడ రాయను. వేసవిలో పొద్దున్న తొమ్మిదికి దించిన తలకాయలు మధ్యాహ్నం రెండు కల్లా గులాబీ రంగు పోయి బూడిద రంగుకు తిరుగుతాయి. రొయ్యకు జీర్ణరసాలన్నీ తలలోనే ఉంటాయి. ప్రాణం పోయాక ఆ రసాలే దాన్ని కరిగించడం మొదలుపెడతాయి కాబట్టి కుళ్లు ఒంటికంటే ముందు తలకు పడుతుంది. సాయంత్రానికి కుప్ప కింద నుంచి నల్లటి రసం కారి నీళ్లలోకి దిగుతుంది. ఆ దారిన బడికి వెళ్లే పిల్లలు ఓణీ కొంగో, చొక్కా కాలరో ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగెడతారు. నా దగ్గర చదువుకునే అమ్మాయి ఒకతె చెప్పింది: పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు వాసనకు కారు దిగకుండా వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయారట.

అన్ని ప్లాంట్లూ ఇలాగే చేస్తున్నాయని నేననను. తలకాయలూ పెంకులూ ఎండబెట్టే యూనిట్లకు, పెంకులోని కైటిన్ అనే పదార్థం తీసేవాళ్లకు అమ్ముతున్నవారు ఉన్నారు. వాళ్ల సంగతికీ వస్తాను, ఎందుకంటే అక్కడ కూడా కాల్షియం చేజారుతోంది.

ముందు మా అమ్మ సంగతి. అమ్మకు ఇప్పుడు మోకాళ్లు, నడుము పనిచేయవు. చల్లటి నీళ్లలో చేతులు పెట్టి, సిమెంటు గచ్చు మీద గంటల తరబడి నిలబడి, కిలోల లెక్కన కూలి తీసుకున్న మనిషి. బొటనవేలి గోటితో తల విరిచి, అదే ఊపులో వీపు మీది పెంకు మూడు మడతలు లాగి, తోక దగ్గర ఒక్క నొక్కు నొక్కితే మాంసం బయటికి దూకేది. ఇప్పటికీ ఇంట్లో రొయ్యలొస్తే ఆమె చేతి వేగం నాకు అందదు. డాక్టరు గారు ఎముకలకని కాల్షియం మాత్రలు రాశారు. ఒకరోజు కళ్లజోడు లేక ఆ అట్ట మీద ఏముందో నన్ను చదవమంది. కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు, ఆయిస్టర్ షెల్ నుంచి తీసినది, 500 మిల్లీగ్రాముల కాల్షియంతో సమానం అని ఉంది. ఆయిస్టర్ షెల్ అంటే ఆల్చిప్ప అని చెప్పాను. అమ్మ ఆ మాత్రను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఎన్ని బుట్టలు మోసి పారబోశానే" అంది. ఈ ఉత్తరం ఆ రోజే మొదలైంది నాలో.

ఆమెకు నేను ఇచ్చిన జవాబే మీకూ చెబుతాను. కాస్త కెమిస్ట్రీ ఉంది, ఓపిక పట్టండి. ఆల్చిప్ప, నత్తగుల్ల లాంటివాటి పెంకులో బరువుకు 95 శాతం దాకా కాల్షియం కార్బొనేటే. సున్నపురాయిలో ఉండేదీ అదే పదార్థం. రొయ్య, పీత పెంకు వేరు. ఎండిన పెంకులో 20 నుంచి 50 శాతం కాల్షియం కార్బొనేట్, 20 నుంచి 40 శాతం మాంసకృత్తులు, 15 నుంచి 40 శాతం కైటిన్ అనే నారలాంటి పదార్థం ఉంటాయి. రొయ్య జాతిని, పరిమాణాన్ని బట్టి ఈ పాళ్లు మారుతుంటాయి. గోడ కట్టేటప్పుడు ఇనుప చువ్వల మధ్య కాంక్రీటు పోసినట్టే, కైటిన్ నారల మధ్య కాల్షియం కూరుకుని ఉంటుంది. నమ్మకం కుదరకపోతే ఇంట్లో చూడండి. ఒక గ్లాసు వెనిగర్‌లో కడిగిన రొయ్య పెంకులు వేసి మూత పెట్టకుండా వదలండి. సన్నటి బుడగలు వరసగా పైకి లేస్తాయి, అది కార్బన్ డయాక్సైడ్. మర్నాటికి పెంకు తడి కాగితంలా మెత్తబడి వేలికి చుట్టుకుంటుంది. గట్టిదనమంతా గ్లాసులోని నీళ్లలోకి దిగిపోయింది. ఆ నీళ్లలో ఉన్నది కాల్షియం అసిటేట్. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఒంట్లో ఫాస్ఫరస్ పెరగకుండా ఇచ్చే మందుల్లో అదొకటి. నా ఫస్టియర్ పిల్లలకు ఈ ప్రయోగం చూపించిన రోజు బెల్లు కొట్టినా ఒక్కరూ లేవలేదు.

గుల్లల నుంచి సున్నం తీయడం మనకు కొత్త కాదు. గుల్లసున్నం అన్న మాట మన తాతల నోట నానిందే. మా అమ్మమ్మ కాలవ ఒడ్డున ఏరిన ఆల్చిప్పలను పిడకల మధ్య పేర్చి కాల్చేది. చల్లారాక కుండలో వేసి నీళ్లు పోస్తే బుస్సుమని పొంగి, చిప్ప చిప్పగా ఉన్నది మన కళ్లముందే విచ్చుకుని తెల్లటి ముద్దయ్యేది. తాంబూలానికి ఆ సున్నమే. సంక్రాంతికి గోడలకూ అదే. కాకినాడ అఖాతంలో తీసిన గుల్లలతో సున్నం చేసిన చరిత్ర ఉంది. కేరళలో వేంబనాడ్ సరస్సు అడుగున పేరుకున్న గుల్లలతో తెల్ల సిమెంటే చేశారు. ఆయుర్వేదంలో శంఖభస్మం, ముక్తాశుక్తి భస్మం సంగతి చెప్పనక్కర్లేదు. పెద్దవాళ్లకు తెలిసిన ఈ విద్యను మనం చెత్తబుట్ట దగ్గర మరిచిపోయాం.

అయితే ఒక విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెప్పాలి. అన్నిటినీ కాల్చి సున్నం చేసేద్దాం అనేవాళ్లతో నేను ఏకీభవించను. 100 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్‌ను 850, 900 డిగ్రీల దాకా వేడిచేస్తే మిగిలేది 56 కిలోల పొడిసున్నం. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాల్లోకి పోతుంది. కాల్చడానికి పెట్టిన బొగ్గు పొగ అదనం. ఆల్చిప్పలను కాల్చకుండా కడిగి, ఎండబెట్టి, పొడికొట్టినా చాలా పనులు జరిగిపోతాయి. రొయ్య పెంకునైతే కాల్చనే కూడదు. కాలిస్తే కైటిన్, మాంసకృత్తులు బూడిదవుతాయి, వెలగలిగినవి అవే. మూడు సరుకులున్న మూటను ఒక్కదాని కోసం తగలబెట్టినట్టు.

పొడికి గిరాకీ మన గడపలోనే ఉంది. తణుకు, అనపర్తి వైపు లేయర్ కోళ్ల ఫారాలు చూడండి. గుడ్లు పెట్టే కోడికి రోజుకు దాదాపు 4 గ్రాముల కాల్షియం కావాలి. గుడ్డు పెంకు దాదాపు పూర్తిగా కాల్షియం కార్బొనేటే మరి. కోడి పెంకు కట్టేది ఎక్కువగా రాత్రి పూట. మెత్తటి పొడి తొందరగా అరిగి వెళ్లిపోతుంది. గుల్ల నలగ్గొట్టిన ముక్కలు మాత్రం కడుపులో నిలబడి నెమ్మదిగా కరుగుతూ తెల్లవార్లూ కాల్షియం అందిస్తాయి. ఫారాలవాళ్లు షెల్ గ్రిట్ బస్తాలు కొనేది అందుకే. రాత్రివేళ కోడి చేసే ఈ పని గురించి చదివిన ప్రతిసారీ నాకు మా తమ్ముడి టార్చిలైటు గుర్తొస్తుంది.

ఇక కైటిన్ తీసే పద్ధతి. ఇప్పుడు ఎక్కువగా జరిగేదేమిటంటే, రొయ్య పెంకును హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడతారు. కాల్షియం కరిగిపోతుంది. తర్వాత సోడాకారంలో ఉడికిస్తే మాంసకృత్తులు పోతాయి. మిగిలింది కైటిన్. దాన్ని ఇంకా గట్టి కారంలో మరిగిస్తే కైటోసాన్. అది వ్యవసాయానికి, నీటిశుద్ధికి, గాయాల మీద వేసే పట్టీలకు పనికొస్తుంది, మంచి ధరా పలుకుతుంది. కానీ లెక్క చూడండి. కిలో కాల్షియం కార్బొనేట్ కరిగించాలంటే బజారులో దొరికే 30 శాతం పైచిలుకు ఆమ్లం రెండు కిలోలు దాటి కావాలి. కరిగిన కాల్షియం కిలో పైచిలుకు కాల్షియం క్లోరైడై ఆమ్లపు నీళ్లలో ఉండిపోతుంది. ఆ నీళ్లు ఎక్కడికి? శుద్ధి చేసి వదిలితే ఉప్పు నీళ్లు, చేయకుండా వదిలితే ఆమ్లం. ఎటు చూసినా పెంకులో సగానికి సగం ఉండగల సరుకు మురుగు కిందే జమ అవుతోంది. కైటిన్ తీస్తున్నాం కాబట్టి వ్యర్థం లేదు అని చెప్పేవాళ్లు ఆ పైపు చివర ఒకసారి నిలబడి చూడాలి.

ఆ నీళ్లలోని కాల్షియాన్ని వెనక్కి రాబట్టవచ్చు. సోడా యాష్ కలిపితే తెల్లటి కాల్షియం కార్బొనేట్ మెత్తటి పిండిలా అడుగుకు దిగుతుంది. రంగుల్లో, కాగితంలో, పళ్లపొడిలో వాడేది ఇలాంటి పిండినే. ఫాస్ఫేటుతో కలిపితే కోళ్ల మేతలో వేసే డైకాల్షియం ఫాస్ఫేట్ చేసుకోవచ్చు. ఎముకలకూ దంతాలకూ వాడే హైడ్రాక్సీఅపటైట్ దాకా వెళ్లవచ్చు కానీ, అది శుభ్రత, పరీక్షలు ఇంకో మెట్టు మీదుండే వ్యవహారం, మొదటి రోజే దానికోసం పరుగెత్తమని నేననను.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఇంకో దారి మీద. పాలు తోడు పెడితే పెరుగయ్యేది లాక్టిక్ ఆమ్లం చేసే సూక్ష్మజీవుల వల్ల. అదే జాతి జీవుల్ని బెల్లపు మడ్డితో కలిపి రొయ్య తలకాయల మీద వదిలితే, అవి చేసే ఆమ్లం కాల్షియాన్ని కరిగించి కాల్షియం లాక్టేట్ చేస్తుంది. పులుపు వల్ల కుళ్లు ఆగుతుంది. మాంసకృత్తులు చాలా వరకు ద్రవంలోకి దిగుతాయి, దాన్ని మేతకు వాడుకోవచ్చు. కైటిన్ గట్టిగా మిగిలిపోతుంది. ఆమ్లపు డ్రమ్ములు, వేడి కారం వాడకం బాగా తగ్గుతాయి. ఆమ్లంతో తీసినంత శుభ్రంగా ఒక్క దెబ్బకు రాదు, రోజులు పడుతుంది, చివర్లో కొంచెం ఆమ్లం తప్పకపోవచ్చు. అయినా తోడు పెట్టడం తెలిసిన మన ఆడవాళ్లకు ఈ పని నేర్పడం కష్టం కాదు. కొచ్చిలో 1957లో మొదలైన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, మనం సిఫ్ట్ అనేది, పెంకుల నుంచి కైటిన్, కైటోసాన్ తీయడం మీద దశాబ్దాలుగా పనిచేసింది. దాని పరిశోధన కేంద్రం విశాఖపట్నంలోనే ఉంది. విద్య ఊరి పొలిమేరలో ఉంది, పిలిచేవాళ్లే కావాలి.

ఇదంతా ఎంత సరుకు మీద మాట్లాడుతున్నామో మీకు నాకంటే బాగా తెలుసు. 2023-24లో దేశం నుంచి ఎగుమతైన గడ్డకట్టించిన రొయ్య 7 లక్షల 16 వేల టన్నులు. అందులో పెద్ద వాటా మన రాష్ట్రానిది. పూర్తిగా ఒలిస్తే రొయ్య బరువులో 45 శాతం దాకా తలా పెంకూ కింద పోతుంది. ప్రపంచమంతటా రొయ్య, పీత, లాబ్‌స్టర్ పెంకులు ఏటా 60 నుంచి 80 లక్షల టన్నులు మిగులుతున్నాయని 2015లో సింగపూర్ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో లెక్క చెప్పారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు మా ఊళ్లో కౌంట్ రేట్లు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క మీద కట్టే ధరలు) ఎలా పడ్డాయో, ఎంతమంది చెరువులు ఎండగట్టుకున్నారో చూశాం. మాంసం మీదే బతికే పరిశ్రమకు ఆ దేశం దగ్గితే ఇక్కడ జ్వరం వస్తుంది. పెంకు మీద నాలుగు రూపాయలు మిగిలి ఉంటే కొంచెమైనా ఊపిరి ఆడేది.

జపాన్‌లో హొక్కైడో దీవిలో స్కాలప్ అనే ఆల్చిప్ప పెంకులు ఏటా గుట్టలుగా మిగులుతాయి. అక్కడి సరుఫుత్సు అనే గ్రామం, ఒసాకాలోని ఒక ప్లాస్టిక్ కంపెనీ కలిసి 2022లో ఆ పెంకు పొడి కలిపిన హెల్మెట్లు చేశాయి, జాలర్ల తలలకే పెట్టాయి. దక్షిణ కొరియా సముద్ర ఉత్పత్తుల వ్యర్థాల పునర్వినియోగానికి విడిగా చట్టమే చేసింది. అది 2022 జూలైలో అమల్లోకి వచ్చింది. ఆయిస్టర్ పెంకును చెత్త అన్న ముద్ర నుంచి తప్పించి ముడిసరుకు చేయడం అందులో మొదటి మాట. నన్ను ఆకట్టుకున్నది ఆ పేరు మార్పే. మన దగ్గర రొయ్య పెంకు కాగితాల మీద వ్యర్థం. వ్యర్థానికి లారీ ఎక్కడికి పోయిందని అడిగేవాడుండడు.

ఇప్పుడు మీ ముగ్గురినీ విడివిడిగా అడుగుతాను.

ప్లాంట్ల యజమానుల్లారా, మీరు చేయవలసింది ఒలిచే బల్ల దగ్గర మొదలవుతుంది. ఒకే గొట్టంలో తలలు, పెంకులు, చిరిగిన గ్లోవులు, ప్లాస్టిక్ సంచులు, క్లోరిన్ నీళ్లు కలిపి తోసేస్తే ఆ కుప్పతో ఏ శాస్త్రవేత్తా ఏమీ చేయలేడు. బల్లకు రెండు క్రేట్లు పెట్టండి, ఒకటి తలలకు, ఒకటి పెంకులకు. తలలు ఆరు గంటలు దాటకముందే ఐస్‌లోకో, పులియబెట్టే ట్యాంకులోకో వెళ్లాలి. పెంకులు కడిగి నీడన గాలికి ఆరితే నెలలు నిలవుంటాయి. వేరు చేసే ఆ పని ఆడవాళ్ల నెత్తిన ఉత్తినే వేయకండి. మాంసానికి కిలో లెక్క కట్టినట్టే వేరు చేసిన పెంకుకూ కిలో లెక్క కట్టండి. మా అమ్మలాంటివాళ్లకు రోజు చివర ఆ కాస్త కూలి కలిస్తే, బుట్టలో గ్లోవు ముక్క ఒక్కటి పడనివ్వరు. నేను హామీ ఇస్తాను.

మండలి అధికారులారా, ప్లాంటుకు అనుమతి ఇచ్చేటప్పుడు నీళ్ల లెక్క అడుగుతారు. పెంకు లెక్క కూడా అడగండి. ఎన్ని టన్నుల రొయ్య లోపలికొచ్చింది, ఎంత మాంసం బయటికెళ్లింది అన్న అంకెలు ఎగుమతి కాగితాల్లో ఉంటాయి. తేడా ఎక్కడుందో రాయమంటే చాలు. కైటిన్ యూనిట్లకు ఆమ్లపు నీళ్లలోని కాల్షియాన్ని వెనక్కి తీయాలన్న షరతు పెట్టండి. తీసిన పొడి మాత్రలకో, మేతకో వెళ్లేముందు సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ పరీక్షలు తప్పనిసరి చేయండి. సముద్రపు పెంకుల్లో అవి చేరే అవకాశముంది, ఆ భయం నిజమైనదే.

అప్సడా అధికారులారా, 2020లో చట్టం చేసి మిమ్మల్ని పెట్టింది రైతు దగ్గర నుంచి మొత్తం రంగాన్ని ఒక కంట కనిపెట్టడానికి. చిన్న ప్లాంటు ఒక్కటీ సొంతంగా డ్రయరు, ట్యాంకులు పెట్టుకోలేదు. భీమవరం చుట్టుపక్కల ఒక ఉమ్మడి యార్డు చాలు మొదలుపెట్టడానికి. అదే ఏడాది వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పంట తర్వాతి వసతులకు డబ్బు కేటాయించారు, ఆ తలుపు తట్టండి. యార్డులో తయారైన పొడిని మొదట మా చెరువుల మీదే చల్లి చూడండి. నీళ్ల ఆల్కలినిటీ (క్షారగుణం), రొయ్య పెంకు గట్టిదనం పల్నాటి సున్నంతో పోల్చి రెండు పంటలు రాసిపెట్టండి. రైతు కరపత్రం చదివి నమ్మడు, పక్క చెరువు చూసి నమ్ముతాడు.

ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. గుల్లలకు ధర వచ్చిందని తెలిస్తే కాకినాడ అఖాతంలోనూ పులికాట్‌లోనూ బతికున్న ఆల్చిప్పల మీద పడేవాళ్లు బయలుదేరతారు. కిటికీ అద్దంలా పల్చగా, వెలుగు దూరేలా ఉండే ఆల్చిప్ప వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాలో ఉంది. వంటకో ఎగుమతికో ఒలిచాక మిగిలిన పెంకునే యార్డు తీసుకోవాలి. నీళ్లలో నుంచి తవ్వి తెచ్చింది ఏదైనా గేటు దగ్గరే ఆపాలి.

మా డిపార్ట్‌మెంటులో త్రాసులు, కొలిమి, బ్యూరెట్లు ఉన్నాయి. మొన్న పిల్లలు ఆల్చిప్పలు 100 గ్రాములు కాలిస్తే 57 గ్రాములు మిగిలింది, పుస్తకంలోని అంకెకు ఒక్క గ్రాము దూరం. ఏ ప్లాంటు పెంకైనా సరే, ఎంత కాల్షియం ఉందో, ఎంత తేమ ఉందో రూపాయి తీసుకోకుండా కొలిచి రాసిస్తాం. ఆదివారం తప్ప ఏ రోజైనా పొద్దున్న పదికి ముందు రెండు కిలోలు ఐస్‌లో పెట్టి పంపండి. తలలూ పెంకులూ విడివిడి సంచుల్లో కట్టమని మీ షెడ్డులో ఆడవాళ్లకు చెప్పండి చాలు.

ఇట్లు,
భీమవరం దగ్గర ఒక కెమిస్ట్రీ లెక్చరర్